మానేసినవి

పుష్కరాలొచ్చిన ఏడాది, అంటే రెండువేల మూడులో, వానాకాలమంతా మా ఇంట్లో ఉప్పు లేదు. కొనుక్కోలేక కాదు. నా చేతివేళ్లు వాచాయని మాన్పించారు.

మాది పాలకొల్లు పక్కనే ఒక పల్లెటూరు. మా ఆయన గణేష్‌బాబుగారికి పాలకొల్లులో కొబ్బరికాయల కొట్టు ఉంది. నేను ఇంటిపట్టున ఉండి లేసు అల్లేదాన్ని. మావైపు లేసు అల్లడం రాని ఆడవాళ్లు తక్కువే గాని, అందరి చెయ్యీ ఒక్కలా ఉండదు. కొత్త డిజైన్ ఏదొచ్చినా నరసాపురం షావుకారు మొదటి ముక్క నా చేతే అల్లించేవాడు. అది చూసి మిగతావాళ్లు అల్లాలి. వాళ్లు అల్లినవి చూస్తే నాకు నవ్వొచ్చేది. పైకి నవ్వేదాన్ని కాదు. ఆ రోజుల్లో నాకు చాలామందిని చూస్తే అలాగే ఉండేది. ఎవరి చేతకానితనం వాళ్ల మొహం మీద రాసిపెట్టి ఉన్నట్టు కనిపించేది.

జూన్ నెలాఖర్లో ఒకరోజు పొద్దున్న లేచేసరికి వేళ్లు ముడుచుకోలేదు. ఎవరో తడిమట్టి పూసి ఎండబెట్టినట్టు బిగుసుకుపోయి ఉన్నాయి. పాలగిన్నె దించబోతే జారి పొయ్యి మీదే ఒలికిపోయింది. పది గంటలయ్యేసరికి కాస్త సాగాయి. మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి మణికట్లు, ఆ తరవాత మోకాళ్లు పట్టుకున్నాయి. జడ అల్లుకోలేను. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేను. లేసు సూది రెండు వేళ్ల మధ్య నిలవడం లేదు. టీవీ చూస్తూ, కబుర్లు చెబుతూ అల్లే చెయ్యి, కళ్లు పొడుచుకుని చూస్తూ అల్లినా కన్నం తప్పుతోంది.

మా ఊరి ఆరెంపీ బుల్లియ్య వచ్చి చూశాడు. బుల్లియ్యకి వచ్చిన విద్యల్లా ఒక్కటే, ఇంజెక్షన్. జ్వరానికీ, నడుంనొప్పికీ, పరీక్ష తప్పినవాళ్ల నీరసానికీ అదే. "వాతమండి. వానలు కదండి, మామూలేనండి, ఆయ్," అంటూ పొడిచి వెళ్లాడు. ఆ సాయంత్రం బాగానే ఉంది. రెండోనాటికి మళ్లీ మొదలు.

ఆపైన ఊరంతా వైద్యులైపోయారు. ఎదురింటావిడ బంగాళాదుంప మానమంది. మా ఆడపడుచు ఫోన్ చేసి పెరుగు మానమంది. పాలు పోసే వీరాస్వామి కూడా శనగపిండి ఎంత చెడ్డదో గుమ్మంలో నిలబడి పావుగంట చెప్పాడు. ఎవరూ నా చెయ్యి పట్టుకుని చూడలేదు. నోట్లోకి ఏం పోతోందన్న దాని మీదే అందరికీ ఆసక్తి. మా అత్తగారు బుల్లెమ్మగారు వంటింటి గడప దగ్గర నిలబడి, "వంకాయ ముట్టకు అమ్మాయ్. గోంగూర కూడా," అన్నారు. ఆవిడ ఎప్పుడూ రెండు ముక్కలకి మించి మాట్లాడరు. ఆ రెండూ కూడా ఇలాంటివేనా అని విసుక్కున్నాను.

పాలకొల్లులో రక్తపరీక్ష చేయించాం. అన్నీ మామూలుగానే ఉన్నాయని కాగితం ఇచ్చారు. మా ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "ఏమీ లేదంట," అన్నారు. నాకు నొప్పి లేదని గవర్నమెంటువారు సంతకం పెట్టి ఇచ్చినట్టు.

"మరి నొప్పెందుకొస్తోందండీ?"

"ఏమీ లేదు కాబట్టి తిండిలోనే ఉండుంటుంది."

ఆ 'కాబట్టి' ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఈరోజుకీ తెలీదు.

జులై మొదటివారంలో ఆయన పాలకొల్లు కల్యాణమండపంలో మూడురోజుల ఆహార శిబిరానికి వెళ్లొచ్చారు. నడిపేది శివరామకృష్ణ మాస్టారు. పేరుకి మాస్టారే గాని ఏ బళ్లోనూ పాఠం చెప్పిన మనిషి కాదు. బ్యాంకులో ఆఫీసరుగా చేసి, తొందరగా రిటైరయ్యి, తన ఉబ్బసం తిండి మార్చడంతో పోయిందని, కాబట్టి లోకంలో జబ్బులన్నీ తన గుప్పిట్లో ఉన్నాయని నిశ్చయించుకున్నాడు. తెల్ల లాల్చీ, తెల్ల గడ్డం. మైకు దొరికితే మూడు గంటలు వదలడు. ఉప్పు విషం, చింతపండు విషం, నూనె విషం, పొయ్యి మీద ఉడికిందల్లా శవంతో సమానం. ఆయన క్యాసెట్లు అరడజను మా ఇంటికొచ్చాయి. పొద్దున్నే రేడియో బదులు ఆ గొంతు. పెద్దపేగు గురించి ఆ మనిషి అంత ఆప్యాయంగా మాట్లాడుతుంటే, ఇంట్లో పెళ్లాంతో ఎప్పుడైనా ఆ గొంతుతో మాట్లాడి ఉంటాడా అనిపించేది.

శిబిరం నుంచి వచ్చిన సాయంత్రమే మా ఆయన వంటింట్లోకొచ్చారు. పెళ్లయిన పదిహేడేళ్లలో ఆయన అక్కడ అంతసేపు నిలబడడం అదే మొదలు. ఉప్పు డబ్బా, చింతపండు కుండ, నూనె క్యాను, ఆవకాయ జాడీ వరసగా వసారాలో పెట్టించి, అంట్లు తోమే తలుపులమ్మని పిలిచి పట్టుకుపొమ్మన్నారు. అది ఒకసారి నా మొహం వంక, ఒకసారి జాడీ వంక చూసింది. అయ్యగారి మనసు మారకముందే రెండు విడతల్లో అన్నీ మోసుకుపోయింది. ఆ ఏడాది ఆవకాయ మహా బాగా కుదిరింది. ఆయన గ్యాస్ సిలిండరుకి గొట్టం విప్పేసి దాన్ని మూలకి దొర్లించారు.

"మూడు నెలలు," అన్నారు. "నీ కోసం ఇంటిల్లిపాదీ మానేస్తున్నాం. ఇంకేం కావాలి నీకు?"

త్యాగం చేసి కంచంలో వడ్డిస్తే తినకుండా ఎలా లేస్తాం. తిన్నాను. పొద్దున్న సొరకాయ రసం. మధ్యాహ్నం మొలకెత్తిన పెసలు, పచ్చి బీరకాయ ముక్కలు, కొబ్బరి. పొద్దుగూకేలోపు బొప్పాయి, నాలుగు ఖర్జూరాలు. చుట్టూ ఇళ్లల్లోంచి పులుసుల వాసనలు, ఇంగువ వాసనలు. గోదావరికి ఎర్రనీళ్లొచ్చే రోజులు, అంటే పులస చేపల రోజులు. మేము మాత్రం మేకల్లా కూర్చుని పచ్చికూరలు నమిలేవాళ్లం. మా అమ్మాయి సూర్యకళ అప్పుడు పదో తరగతి. రెండోరోజే ట్యూషన్ పేరు చెప్పి స్నేహితురాలింట్లో అన్నం తినడం మొదలెట్టింది. తెలివైన పిల్ల. సగం పళ్లు లేని మా అత్తగారు మాత్రం నోరెత్తకుండా పెసలు చిగుళ్లతో నలుపుకుంటూ కూర్చునేవారు. మానమంటే మానడం తప్ప ఇంకేమీ రాని మనిషి అనుకున్నాను.

మా ఆయన పాలకొల్లులో దొంగతనంగా బజ్జీలు తింటారేమో అని కొట్టు దగ్గరివాళ్లని ఆశగా కనుక్కున్నాను. తినడం లేదు. నిష్ఠగా చేస్తున్నారు. మూడు వారాలు తిరిగేసరికి పొట్ట కరిగింది, గురక ఆగింది, మెట్లు రెండేసి ఎక్కడం మొదలెట్టారు. మొహం నిగనిగలాడుతోంది. దొంగతిండి తినుంటే ఒక మాట అనడానికి నాకు సందు దొరికేది. ఆరోగ్యంగా ఉన్న మూర్ఖుణ్ణి ఎవరేం చెయ్యగలరు.

నాకు రవ్వంత తగ్గలేదు. కుడి మోచెయ్యి కూడా చాపలేకపోతున్నాను. పైగా బరువు తగ్గి, కళ్లకింద గుంటలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికొచ్చి, కంచం ముందు కూర్చుని నన్ను పరకాయించి చూశారు.

"నిజం చెప్పు. ఉప్పు తింటున్నావు కదూ."

"లేదండీ."

"మరి నాకు పనిచేసింది, నీకెందుకు పనిచెయ్యట్లేదు?"

మాస్టారిని అడిగారట. నూటికి తొంభైతొమ్మిది మందికి తగ్గుతుందని, తగ్గని ఆ ఒక్కరూ చాటుగా తింటున్నవాళ్లేనని ఆయన చెప్పాడట. ఎంత భద్రంగా కట్టుకున్నాడో చూడండి. తగ్గితే గొప్ప ఆయనది, తగ్గకపోతే దొంగ నువ్వు. మా ఆయన తలుపులమ్మని పిలిచి, అమ్మగారికి నువ్వేమైనా తెచ్చిపెడుతున్నావా అని నా ఎదురుగుండానే అడిగారు. అది అడ్డంగా తల ఊపి, నా వంక చూడకుండా అంట్ల దగ్గరికి వెళ్లిపోయింది. అప్పటిదాకా ఆయన మీద నాకున్నది కోపం. ఆ మధ్యాహ్నం నుంచి అది కోపం కూడా కాదు. ఆయన మాట్లాడుతుంటే ఆయన పెదవులు కదలడం చూసేదాన్ని, అంతే.

జులై ఆఖర్లో పుష్కరాలు మొదలయ్యాయి. తణుకు నుంచి, గుడివాడ నుంచి చుట్టాలు దిగారు. గోదావరి జిల్లా మర్యాదలు తలుచుకుని ఆకలితో వచ్చిన జనం. మొదటిరోజు మొలకలు పెడితే ఇవి ముందు పెట్టే పలహారం కాబోలు అనుకుని, తరవాత వచ్చే భోజనం కోసం చేతులు కడుక్కోకుండా కూర్చున్నారు. మా ఆయన లేచి నిలబడి పెద్దపేగు మీద ఉపన్యాసం ఇచ్చారు. మర్నాడు పొద్దున్నే మా గుడివాడ పెదమావగారికి అర్జెంటు పని గుర్తొచ్చింది. మిగతావాళ్లు పుణ్యస్నానం చేసి అటునుంచటే హోటలుకి వెళ్లి, అటునుంచటే బస్సెక్కారు. పోతూ పోతూ ఒక్కొక్కరూ నాకు ఇంకా ఏమేం మానాలో చెప్పి మరీ పోయారు.

నాలుగోరోజో ఐదోరోజో మేము కూడా నరసాపురం వెళ్లాం. రేవు నిండా జనం. మా ఆయన మగవాళ్ల వైపు వెళ్లారు. అత్తగారూ నేనూ మునిగి, ఒడ్డుకొచ్చి, తడికలు కట్టిన చోట పొడిచీరలు కట్టుకున్నాం. తడిచీర పిండితే గాని సంచిలో పెట్టలేం. ఒక కొస నేను పట్టుకున్నాను. రెండో కొస ఆవిడ పట్టుకున్నారు. ఎటువాళ్లం అటు మెలిపెట్టాలి. నా చెయ్యి తిరగలేదు. ఆవిడ తిప్పుతారని చూశాను. నేను తిప్పుతానని ఆవిడ చూస్తున్నారు. చీర మా ఇద్దరి మధ్య నీళ్లు కారుతూ వేలాడింది. వెనకనుంచి ఎవరో, కాస్త జరగండమ్మా అంటున్నారు.

అప్పుడు చూశాను ఆవిడ చేతులు. వేళ్లన్నీ చిటికెనవేలి వైపుకి ఒరిగిపోయి ఉన్నాయి. కణుపులు గోళీల్లా ఉబ్బి ఉన్నాయి. చీర అంచుని వేళ్లతో పట్టుకోలేదు ఆవిడ, రెండు అరచేతుల మధ్య అదిమిపెట్టి పట్టుకున్నారు. పదిహేడేళ్లు ఆ చేతులు వడ్డించిన అన్నం తిన్నాను. గాజుగ్లాసులు పగలగొడతారని ఆవిడకి అందకుండా పై అరలో పెట్టేదాన్ని.

"ఎప్పట్నుంచండీ అత్తయ్యగారూ?"

"గణేషు పుట్టిన ఏడాది నుంచి."

అంటే నలభై రెండేళ్లు.

"ఎవరికీ చెప్పలేదాండీ?"

"అందరికీ తెలుసుగా," అన్నారు.

చీర అలాగే ముద్దగా చుట్టి పెట్టి, మెట్ల పక్కన కూర్చున్నాం. మా ఆయన వచ్చేదాకా ఆవిడ చెబుతూనే ఉన్నారు. అంతసేపు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మొదట వంకాయ మానమన్నది ఆవిడ అత్తగారట. తరవాత గోంగూర. మా మావగారు ద్రాక్షారామం దగ్గర ఎవరో వైద్యుడున్నాడని తీసుకెళితే ఆయన పెరుగు మాన్పించాడట. తరవాత చేపలు, ఆ తరవాత రాత్రిపూట అన్నం.

"ఒకటి మానితే తగ్గలేదు. తగ్గలేదంటే ఇంకోటి మానమన్నారు. ఇంకేమన్నా దొంగతనంగా తింటున్నావా అని కూడా అడిగారు, మీ మావగారు. అలా మానుకుంటూనే వచ్చాను. ఆఖరికి నొప్పని చెప్పడం కూడా మానేశాను."

ఆవిడ గొంతులో ఏ బాధా లేదు. ఏ బస్సు ఎక్కడాగుతుందో చెబుతున్నట్టు చెప్పారు. నాకు చెయ్యి నొప్పిగా ఉంది, ఎండగా ఉంది, జనం తోసుకుంటున్నారు. వీటన్నిటికంటే నా మీద నాకు ఎక్కువ రోత పుట్టింది. ఊళ్లో అందరి చేతకానితనం కనిపెట్టగలిగిన నా కళ్లు, నా ఇంట్లో నా కంచం ముందున్న చేతుల్ని ఒక్కరోజు చూడలేదు.

తరవాత వారం కృపారాణి వచ్చింది. ఇళ్లకి దారం పంచి, అల్లిన లేసు ముక్కలు పోగుచేసుకుని నరసాపురం పట్టుకెళ్లే మనిషి. లూథరన్ చర్చి వీధిలో ఉంటుంది. పెద్ద గొంతు, మోటు అల్లిక. ఆమె కూర్చుని అల్లుతుంటే నేను అటు చూడను, నాకు పళ్లు పులుస్తాయి. రెండు నెలలుగా నా దగ్గర ఆగిపోయిన దుప్పటి ముక్క తిరగేసి చూసి, నన్నేమీ అడగకుండా నా చెయ్యి లాక్కుని, కణుపులు ఒక్కొక్కటే నొక్కింది. ఆ జబ్బు మొదలయ్యాక నా చెయ్యి పట్టుకుని చూసిన మొదటి మనిషి ఆమె.

"మా అమ్మకి అచ్చం ఇలాగేనండి. పొద్దున్నపూట బిగుసుకుపోవడం, రెండు చేతులూ ఒకేలా రావడం. కాకినాడలో కీళ్లకే వేరే డాక్టరమ్మగారు ఉన్నారండి. ఆవిడ మందుతో మా అమ్మ ఇప్పుడు చర్చికి నడిచెళ్తోందండి. తిండి మార్చుకుంటే పోయేది కాదండిది."

వాళ్లమ్మ సంపూర్ణమ్మగారు ఒకప్పుడు మంచం దిగలేని సంగతి నాకు తెలుసు. అది విని అప్పట్లో నేను, లేసు పని ఎగ్గొట్టడానికి అనుకున్నాను. అదీ నా బతుకు.

అత్తగారిని కూడా రమ్మన్నాను. ముసలిదాన్ని, నాకెందుకు, నువ్వెళ్లు అన్నారు. లేసు షావుకారు మీటింగు పెట్టాడని మా ఆయనకి చెప్పి, కృపారాణితో కాకినాడ వెళ్లాను. డాక్టరమ్మగారు చిన్నావిడే. పది వేళ్లూ, మణికట్లూ, మోచేతులూ, పాదాలూ వరసగా నొక్కి చూసి, చేతులకి ఎక్స్‌రే తీయించారు. రుమటాయిడ్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరపాటున సొంత కీళ్ల మీద పడుతుందని, కొందరికి రక్తపరీక్షలో ఏమీ కనబడదని, అలాగని జబ్బు లేనట్టు కాదని, ఆలస్యం చేస్తే కీళ్లు వంకరపోతాయని నెమ్మదిగా చెప్పారు. అసలు మీరింత ఎందుకు చిక్కిపోయారని అడిగితే ఉప్పు సంగతి, పెసల సంగతి చెప్పాను. ఆవిడ రాస్తున్న పెన్ను ఆపారు.

"నేనేం తినడం వల్ల వచ్చిందండి ఇది?"

"ఏం తిన్నందుకూ రాలేదమ్మా. మీరేం చేసినందుకూ రాలేదు."

రెండు నెలలుగా ఎంత నొప్పి వచ్చినా ఏడవలేదు. ఆ మాటకి ఏడ్చాను. కృపారాణి తన చేతిగుడ్డ ఇచ్చి, అటు తిరిగి గోడమీద బొమ్మలు చూస్తూ నిలబడింది.

వారానికోసారి వేసుకునే మాత్ర ఒకటి, రోజూ వేసుకునేవి రెండు. నెలనెలా రక్తపరీక్ష చేయించుకోవాలి. మాత్రలు లేసు దారాల పెట్టెలో పెట్టుకున్నాను. మా ఆయనకి ఎందుకు చెప్పలేదంటే, భయపడి కాదు. చెప్పదగ్గ మనిషిలా అనిపించలేదు. రెండో వారానికి పొద్దున్న బిగుతు తగ్గింది. సెప్టెంబరు వచ్చేసరికి జడ నేనే అల్లుకుంటున్నాను. ఒకరోజు ఆయన ఎదురుగా కొబ్బరి ముక్క కత్తిపీట మీద తరుగుతున్నాను. ఆయన చూస్తూ చూస్తూ లేచి నిలబడ్డారు.

"తగ్గింది కదూ," అన్నారు. "నే చెప్పలేదూ."

కళ్లల్లో నీళ్లు తిరిగాయి ఆయనకి. ఆ క్షణాన చెప్పేద్దామనుకున్నాను. ఈలోపే ఆయన ఫోన్ దగ్గరికి పరిగెత్తి మాస్టారికి చెబుతున్నారు.

దసరాకి ముందు ఆదివారం అదే కల్యాణమండపంలో సభ పెట్టారు. రోగవిముక్తుల అనుభవాలు అని పేరు. కరపత్రంలో నా పేరు మూడోది. దుర్గాశ్రీ, కీళ్లజబ్బు నుంచి సంపూర్ణ విముక్తి. అడక్కుండానే అచ్చు వేయించారు. వస్తానన్నాను. నేనూ వస్తానని మా అత్తగారు అన్నారు. మూడో వరసలో కూర్చున్నారు.

హాలు నిండిపోయింది. సుగరు పోయినవాళ్లూ, బట్టతల మీద వెంట్రుకలు మొలిచినవాళ్లూ మాట్లాడారు. ఒకాయన తన విరేచనాల గురించి పావుగంట చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. తరవాత మా ఆయన లేచి, భార్య కోసం ఇల్లంతా ఉప్పు మానేసిన సంగతి గొంతు వణుకుతూ చెప్పారు. నిజంగానే వణికింది. మైకు నాకిచ్చారు.

"నాకు తగ్గిన మాట నిజమేనండి," అన్నాను. "కాకినాడలో కీళ్ల డాక్టరమ్మగారి మందులతో తగ్గింది. ఆరు వారాల నుంచి వేసుకుంటున్నాను. అంతకుముందు నెలన్నర ఈ తిండి ఒక్కటే తిన్నానండి. అప్పుడు ఇంకా ముదిరింది. ఇలాంటి నొప్పులున్నవాళ్లు ఎవరైనా ఇక్కడుంటే డాక్టరుకి చూపించుకోండి."

మా ఆయన కుర్చీలో అలాగే ఉండిపోయారు. మాస్టారు మాత్రం చిరునవ్వు చెదరకుండా లేచొచ్చి, నా చేతిలోంచి మైకు మృదువుగా తీసుకున్నాడు.

"ఈ తల్లి నిజాయితీకి ముందు గట్టిగా చప్పట్లు కొట్టండి. ఎంతోమంది ఏళ్లతరబడి మందులు మింగుతారు, పనిచెయ్యవు. ఈమెకి ఆరు వారాల్లో పనిచేశాయి. ఎందుకని? ఒళ్లు శుద్ధయింది కాబట్టి."

మూడువందలమంది చప్పట్లు కొట్టారు. నన్ను చూసే కొట్టారు. నన్ను ఓడించడానికి ఆ మనిషికి అరనిమిషం పట్టింది. కిందికి దిగుతుంటే ఒకమ్మాయి స్టీలు గ్లాసుతో సొరకాయ రసం అందించింది. ఆ మూడువందల మొహాలు చూశాను. వాళ్లు మోసపోవడం లేదు, మోసం కోసం టైముకి వచ్చి ముందు వరసల్లో కూర్చున్నారు. మా అత్తగారొక్కరే చప్పట్లు కొట్టలేదు. ఆవిడ చేతులు చప్పట్లకి కలవవు కూడా.

ఇంటికొచ్చాక మా ఆయన చెప్పులు విప్పకుండానే వసారాలో నిలబడి, నలుగురిలో పరువు తీశావన్నారు. మందులతో పైపైన తగ్గినట్టుంటుందని, వేరు అలాగే ఉంటుందని, మాస్టారు చెప్పినవన్నీ ఆయన గొంతుతో మళ్లీ చెప్పారు. మొహం కడుక్కోవడానికి వెళ్లబోతుంటే ఆయన వాళ్లమ్మ వైపు తిరిగారు.

"నువ్వన్నా చెప్పమ్మా దీనికి. నువ్వు ఒక్క మాత్ర మింగకుండా ఇన్నేళ్లూ పథ్యంతోనే నెట్టుకొచ్చావు కదా."

ఆవిడ మంచం మీద కూర్చుని ఉన్నారు.

"నేనింక ఏదీ మాననురా," అన్నారు.

ఆయనకి అర్థం కాలేదు. ఏంటమ్మా అన్నారు.

"దీంతో నేనూ కాకినాడ వెళ్తాను. ముందు నువ్వా సిలిండరుకి గొట్టం బిగించు. అది తిప్పడానికి మా ఇద్దరికీ చేతులు రావు."

గొంతు పెంచలేదు. ఆవిడ కొడుకుని ఒక పని చెయ్యమనడం నేను వినడం అదే మొదలు. బహుశా ఆయన వినడం కూడా అదే మొదలు. చెప్పులు విప్పి, వంటింట్లోకెళ్లి మూలనున్న సిలిండరు ముందుకి లాక్కొచ్చారు. బిగించడం రాలేదు. గొట్టం ఎటు తిప్పాలో ఆవిడ గుమ్మంలో నిలబడి చెప్పారు. తలుపులమ్మ ఇంటికి మా సూర్యకళని పంపి గుప్పెడు ఉప్పు తెప్పించాం. పొట్లంతోపాటు తలుపులమ్మ, అడక్కుండానే, గిన్నెలో ఆవకాయ పెట్టి పంపింది. మా ఆవకాయే. మా ఆయన ఆ పూట తన పెసల గిన్నె పట్టుకుని వసారాలో కూర్చున్నారు.

ఆయన ఇప్పటికీ ఉప్పు తినరు. అరవై దాటాయి. బీపీ లేదు, సుగరు లేదు, సైకిలు మీద పాలకొల్లు వెళ్లొస్తారు. ఆ తిండి ఆయనకి మంచే చేసింది. ఈ ముక్క ఒప్పుకోవడం నాకు ఇప్పటికీ కష్టమే. ఆయన ఆ రోజు గురించి ఎప్పుడూ ఎత్తలేదు, వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని చూడనూ లేదు.

కార్తీకమాసం వచ్చాక అత్తగారిని కాకినాడ తీసుకెళ్లాను. డాక్టరమ్మగారు ఆవిడ ఎక్స్‌రే లైటు ముందు పెట్టి చాలాసేపు చూశారు. ఎముకలు అతుక్కుపోయాయి, వేళ్లు ఇక తిన్నగా రావు, నొప్పి మాత్రం తగ్గించగలను అన్నారు. చాలమ్మా అన్నారు అత్తగారు. ఏమేం తినకూడదని ఆవిడ అడగలేదు. ఆ మాట వస్తుందేమో అని నేను కాచుకుని ఉన్నాను గాని, అడగలేదు. జబ్బు పేరు మాత్రం రెండుసార్లు అడిగి చెప్పించుకున్నారు. నోరు తిరగలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు ఆవిడకిచ్చాను. రామచంద్రపురం దాటేదాకా బయటికి చూస్తూ కూర్చున్నారు. కోతలు కాలేదు ఇంకా, చేలు పండి ఉన్నాయి. రావులపాలెంలో బస్సు ఆగినప్పుడు, నా వైపు తిరక్కుండానే అన్నారు.

"మీ చెల్లెలితో ఫోన్లో అన్నావు ఒకసారి. మా అత్తగారివి మొద్దు చేతులే, ఏదిచ్చినా పడేస్తారని."

నాకు గుర్తుంది. ఆవిడ పక్కగదిలో ఉన్నారని తెలిసే అన్నాను.

"తప్పయిపోయిందండి అత్తయ్యగారూ."

"తప్పని కాదు," అన్నారు. "నేనూ అదే అనుకున్నాను ఇన్నాళ్లూ. చేతకానిదాన్నని."

బస్సు కదిలింది. ఆవిడ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తిప్పి చూసుకున్నారు.

"జబ్బంట," అన్నారు.

ఆ మాట చెబుతుంటే ఆవిడ మొహంలో సంతోషం ఉంది. నేను అటు చూడలేకపోయాను.